మా వదిన కట్టిన ముందు పన్ను

మా వదిన పళ్ళు కడుతుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఆమెను డాక్టరనుకుని తమ దవడ నొప్పి గురించి మొదలుపెడతారు. డాక్టరు కాదు బాబూ! డాక్టరు నోట్లో చెయ్యి పెడతాడు, పేరు తెచ్చుకుంటాడు. ఆ నోట్లో కూర్చునే పన్నును మాత్రం ఎక్కడో ఒక ల్యాబులో, బల్ల ముందు నడుము వంచుకుని, ఈగ కాలంత సన్నటి కుంచెతో పింగాణీ పొడిని తడిపి పొర మీద పొర వేసి, ఫర్నేసులో కాల్చి తయారు చేసే మనుషులు వేరే ఉంటారు. వాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. మా వదిన ఆ పనిని ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది.

నేను అదే ల్యాబులో పెట్టెలు మోస్తాను. క్లినిక్కుల నుంచి దంతాల అచ్చులు తెస్తాను, తయారైన పళ్ళను అగ్గిపెట్టెంత డబ్బాల్లో పెట్టుకుని స్కూటర్ మీద తిరిగి ఇచ్చి వస్తాను. మా అన్నయ్యను పెళ్ళి చేసుకున్న ఏడాదికే వదిన నన్ను ఈ పనిలో చేర్పించింది. ఇంట్లో ఉంటే ఆడపడుచు బుర్ర తినేస్తుందని భయపడి ఉంటుంది. ల్యాబులో అందరూ నన్ను రేడియో అంటారు. నా నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళ అభిప్రాయం. ఆ అభిప్రాయం నిజమే కాబట్టి నేనేమీ అనుకోను.

పదేళ్ళ కిందట నేను ఫోన్లో మాట్లాడుతూ మెట్లు దిగుతూ బోర్లా పడ్డాను. పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అంటారు. నాకు రాయి కూడా అక్కర్లేకపోయింది, మెట్టు చాలింది. అప్పుడు నా పన్నుకు తొడుగు కట్టింది వదినే. అప్పటి మా ల్యాబు మొదటి అంతస్తులో ఒక చిన్న గది. దానికి ఎండ నేరుగా పడని వైపు పెద్ద కిటికీ ఉండేది. వదినకు పని నేర్పిన పెద్దాయన ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేయించేవాడు.

ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి, అవే వదినకూ వచ్చాయి. పన్ను రంగు చూసే ముందు మనిషి మెడ చుట్టూ బూడిద రంగు గుడ్డ కప్పాలి, లేకపోతే బట్టల రంగు వచ్చి పళ్ళ మీద కూర్చుంటుంది. పెదవుల రంగు తుడవాలి. నోరు తెరిచిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే పన్ను మీద తడి ఆరి తెల్లగా కనిపిస్తుంది. ఐదు లెక్కపెట్టేలోగా చూపు తిప్పుకుని ఆ బూడిద గుడ్డను చూడాలి, కన్ను సేద తీరాక మళ్ళీ పన్నును చూడాలి. "మన పని నలుగురికీ కనిపించిందంటే మనం ఓడిపోయినట్టే" అనేవాడు పెద్దాయన. నా పన్ను పెట్టిన రోజు మా అమ్మ నా నోట్లోకి చాలాసేపు చూసి, "ఏదే కొత్తది?" అని అడిగింది. వదిన ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇక నా పాపం సంగతి చెప్పాలి.

పెద్దాయన పోయాక పని పెరిగింది, గది చాలలేదు. మా ఓనరు అదే వీధిలో పెద్ద భవనం అద్దెకు తీసుకుని ల్యాబును దాని బేస్‌మెంట్‌లో పెట్టాడు. కిటికీ లేదు. అందుకని లైట్లు దండిగా పెట్టమని కరెంటు మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీకి తీరిక లేక, "అమ్మా, నువ్వు స్కూటర్ మీద తిరుగుతూనే ఉంటావు కదా, దారిలో నచ్చినవి ఒక పన్నెండు పట్టుకొచ్చెయ్" అన్నాడు. నేను షాపుకు వెళ్ళాను. అక్కడ రకరకాల లైట్లు వెలిగించి పెట్టారు, ఎదురుగా అద్దం కూడా ఉంది. ఒక్కో లైటు కింద నిలబడి ఇకిలించి చూసుకున్నాను. అన్నిటికన్నా తెల్లటి లైటు కింద నా పళ్ళు తళతళలాడిపోయాయి. తెల్లనివన్నీ పాలనుకునే బుర్ర నాది. అవే పన్నెండు తీసుకొచ్చి మేస్త్రీ చేతిలో పెట్టాను. మేస్త్రీయే కొన్నాడనుకున్నారు అందరూ.

మొదటి రోజు అందరూ మెచ్చుకున్నారు. నేల మీద సూది పడినా కనిపిస్తోందన్నారు. ఓనరు చేతులు వెనక్కి పెట్టుకుని గది నాలుగు మూలలా తిరిగి, "పగలుకన్నా పగలులా ఉంది!" అన్నాడు. వదిన కూడా పైకి చూసి సంతోషించింది. వెలుతురు ఎక్కువైతే రంగు బాగా తెలుస్తుందని మా అందరి నమ్మకం. అది తప్పని చెప్పగలిగిన పెద్దాయన లేడు.

నెల తిరగకుండానే డబ్బాలు వెనక్కి రావడం మొదలైంది. తెచ్చేది నేనే కాబట్టి మొదట చూసేదీ నేనే. డబ్బాతో పాటు డాక్టరు రాసిన చీటీ ఉంటుంది. 'రంగు కలవలేదు.' 'బూడిదగా ఉంది.' 'చచ్చిన పన్నులా ఉందని పేషెంటు గొడవ చేస్తోంది.' ఇరవై రెండేళ్ళలో వదిన పని తిరిగి రావడం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ నాలుగు నెలల్లో పదమూడు వచ్చాయి. ప్రతిసారీ వదిన ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని ఆ తళతళల వెలుతురులో ఇటూ అటూ తిప్పేది. "నాకు బాగానే కనిపిస్తోందే" అనేది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు కనిపించడం లేదేమో" అనేది.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అద్దాల నంబరు పావు మారింది, అంతే, కళ్ళు బాగున్నాయన్నాడు. కొత్త అద్దాలతో కట్టిన పన్ను కూడా వెనక్కి వచ్చింది. వదిన ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. ఒకరోజు అన్నయ్య చొక్కాలు రెండు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, ఏది ముదురు నీలమో ఏది లేత నీలమో తనలో తానే పరీక్ష పెట్టుకుంటుంటే చూశాను. ఆ మనిషికి ఆ చూపే సర్వస్వం. అది పోతే వదినలో సగం పోయినట్టే.

అప్పుడొచ్చింది టీచరమ్మ.

చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి. సైకిలు మీద నుంచి పడి నాలాగే ముందు పన్ను పోగొట్టుకుంది. డాక్టరు తాత్కాలికంగా అంటించిన ముక్క సుద్దలా ఉండటంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ముందు పళ్ళ వాళ్ళు నేరుగా మా ల్యాబుకే వచ్చి వదినకు నోరు చూపించుకోవడం అలవాటు. ఆ అమ్మాయి కూడా వచ్చింది. వదిన బూడిద గుడ్డ కప్పి, చూసి, కట్టి పంపింది. బూడిదగా ఉందని తిరిగొచ్చింది. రెండోసారి వదిన భయంతో రంగు కాస్త పెంచి కట్టింది. ఈసారి పచ్చగా ఉందని తిరిగొచ్చింది.

ఆ రెండో డబ్బాను టీచరమ్మే స్వయంగా తెచ్చింది. కోపంగా రాలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

"మేడం, నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. ఇప్పుడు అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పాఠం అప్పజెబుతున్నారు. పాఠం అలాగే చెప్పాలనుకున్నారు పిచ్చి పిల్లలు!" అంది. నవ్వబోయింది, చెయ్యి దానంతటది నోటి మీదికి వచ్చింది.

ఆమె వెళ్ళాక ఓనరు వదినను పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ పదమూడు డబ్బాలు ఆయన బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి.

"చూడమ్మా, నీ చేతి పని నాకు తెలుసు. కానీ వయసు ఎవరి మాటా వినదు. ఇంకొక్క ముందు పన్ను రంగు కలవలేదని వస్తే, నువ్వు ప్లాస్టర్ గదిలోకి మారిపో. అచ్చులు పొయ్యడానికి రంగుతో పని లేదు. ముందు పళ్ళకు వేరే మనిషిని చూసుకుంటాను" అన్నాడు.

వదిన "సరే సార్" అంది. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ టీ తాగడానికి పైకి వెళ్ళినప్పుడు వదిన నన్ను ఆపింది. తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"నోరు తెరువు."

"ఎందుకు వదినా?"

"నీ పన్ను చూడాలి. అది పెద్దాయన కిటికీ దగ్గర కట్టింది. పదేళ్ళుగా ఎవరూ తేడా కనిపెట్టలేదు. అది కూడా నాకు తేడాగా కనిపిస్తే..." ఆగిపోయింది.

నేను నోరు తెరిచాను. వదిన ఐదు లెక్కపెట్టింది, బూడిద గుడ్డను చూసింది, మళ్ళీ చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"తేడాగా ఉందే" అంది. "నీ పన్ను కూడా కలవలేదే. పక్క పన్ను నీరసంగా ఉంది, నేను కట్టింది విడిగా తెలుస్తోంది. అయిపోయిందే అమ్మాయ్. నా కళ్ళు అయిపోయాయి." అద్దాలు తీసి బల్ల మీద పెట్టి ఏడ్చింది. ఆమె మా ఇంటికొచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఏడవగా నేను చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. బల్ల మీది చేతి అద్దం లాక్కుని చూసుకున్నాను. నాకు ఏ తేడా కనిపించలేదు.

"పద, పైకి పద" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ గదిలో ఆమె ఏడుస్తుంటే కూర్చోలేక అన్నాను. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, భవనం గుమ్మం దగ్గర నిలబెట్టి, కళ్ళు తుడిచి, అద్దాలు పెట్టి, "మళ్ళీ చూడు" అని ఇకిలించాను.

వదిన చూసింది. ఇంకా దగ్గరికి వచ్చి చూసింది. నా గడ్డం పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పింది.

"కలిసింది" అంది మెల్లగా. "పూర్తిగా కలిసిపోయింది. ఏది నేను కట్టిందే?"

"నువ్వే చెప్పాలి!"

"తెలియడం లేదే!" ఈసారి అరిచింది. గుమ్మం దగ్గరి వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు.

వెంటనే నన్ను మళ్ళీ కిందికి లాక్కెళ్ళింది. తేడా. పైకి తెచ్చింది. కలిసింది. మూడుసార్లు ఎక్కించి దించింది. నా మోకాళ్ళు పోయాయి గానీ ఆమె మోకాళ్ళకు ఇరవై ఏళ్ళు తగ్గాయి. ఆ తర్వాత వీధిలో పడ్డాం. ముందు పక్క ఇంటి మెట్ల కింద పాతకాలపు పచ్చ బల్బు. "పళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి, కానీ అన్నీ ఒక్కలాగే పచ్చగా ఉన్నాయి, కలిసింది" అంది. మందుల షాపులో పాత ట్యూబు లైటు, అక్కడా కలిసింది. పళ్ళ షాపులో ఆపిళ్ళు ఎర్రగా కనిపించడానికి వేలాడదీసిన లైటు కింద నన్ను నిలబెట్టి నోట్లోకి తొంగి చూస్తుంటే షాపతను భయపడిపోయాడు.

"అమ్మా, ఆవిడకేమైనా జబ్బా?"

"అవునండీ. నోరు మూసుకోలేని జబ్బు" అంది వదిన. నాలుగు నెలల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. నాకు తగిలినా తియ్యగానే ఉంది.

చివరికి ఫోన్ల షాపు ముందు ఆగిపోయింది. "ఇదిగో, ఇక్కడ తేడా ఉంది. మన బేస్‌మెంట్‌లో ఉన్నట్టే ఉంది." పైకి చూసింది. నేనూ చూశాను. నేను కొన్న లైట్లే. కంపెనీ పేరు రాసిన పట్టీ కూడా పైకే కనిపిస్తోంది.

అప్పుడు వదిన ఆ ఫుట్‌పాత్ మీదే నాకు విడమరిచి చెప్పింది. "ఈ లైటులో వెలుతురు ఎక్కువే, కానీ రంగులన్నీ సమానంగా లేవు. పన్ను తెల్లగా కనిపిస్తుంది గానీ దాని లోపల సన్నటి ఎరుపు ఉంటుంది. ఈ లైటులో ఎరుపు తక్కువ. లేని రంగును పన్ను ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? కింద అందరి పళ్ళూ నాకు బూడిదగా కనిపించాయి, నేను బూడిదగానే కట్టాను. అక్కడ రెండూ చక్కగా కలిశాయి. మనిషి బయటికి రాగానే తన పన్నులో ఎరుపు మేలుకుంది, నేను కట్టినదాంట్లో లేదు. పైగా పింగాణీ వేరు, పుట్టిన పన్ను వేరు, మంచి వెలుతురులో కలిసినవి కూడా ఈ లైటు కింద విడిపోతాయి, నీ పన్నులాగే. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు చూడు, కామెర్లు నా కంటికి కాదే, ఆ గదికి వచ్చాయి!"

నాకు ఇంకోటి గుర్తొచ్చింది. డాక్టర్లు తమ దగ్గరే రంగు చూసుకుని దాని షేడ్ నంబరు రాసి పంపే పళ్ళు ఒక్కటీ తిరిగి రాలేదు. నంబరును బట్టి పొడి కలిపేస్తారు, కంటితో పని లేదు. తిరిగొచ్చినవన్నీ ఆ గదిలో కూర్చోబెట్టి చూసినవే. ఆ మాట చెప్పాను. వదిన నన్ను వీధిలోనే కౌగిలించుకుంది.

"ఇంతకీ ఆ మేస్త్రీ ఏం చూసి కొన్నాడో గానీ ఈ లైట్లు..." అంది.

రేడియో మూగబోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నా సుఖం కోసం, నా పళ్ళు తళుక్కుమనాలని కొన్న లైట్లు మా వదినను నాలుగు నెలలు ఏడిపించాయని ఎలా చెప్పను? ఇంటికి వెళ్ళాక అన్నం సహించలేదు. అన్నయ్య, "ఒంట్లో బాగోలేదా, మాట్లాడటం లేదు?" అని నుదురు పట్టుకుని చూశాడు.

మర్నాడు పొద్దున్నే వదిన ఓనరు గదికి వెళ్ళింది, వెనకే నేను. మొత్తం చెప్పింది. ఆయన విన్నాడు, పదమూడు డబ్బాల వైపు చూశాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకు. ఇది ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. అంత ఖరీదైన వెలుతురు పెట్టించాను. కరెంటు మేస్త్రీ ఏరి కోరి తెచ్చాడు."

వదిన తల దించుకుంది. ఆమె తల దించుకోవడం చూడలేకపోయాను.

"సార్, ఆ మద్దెల కొన్నది నేనే" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. షాపు, అద్దం, నా ఇకిలింపు, అన్నీ గడగడా చెప్పేశాను. "మేస్త్రీకి ఏమీ తెలియదు. నాకూ ఏమీ తెలియదు. పళ్ళు మెరిశాయని కొన్నాను. తప్పు నాది, శిక్ష వదినకు వేస్తున్నారు. కావాలంటే నన్ను ప్లాస్టర్ గదిలో పడెయ్యండి."

ఓనరు అద్దాల పైనుంచి నన్ను చూశాడు. "నువ్వు ప్లాస్టర్ గదిలో ఉంటే ప్లాస్టర్ గట్టిపడేదాకా కూడా నోరు ఆపవు" అన్నాడు. తర్వాత వదినతో, "సరే. టీచరమ్మ పన్ను మూడోసారి కట్టాలి కదా. నీకు నచ్చిన చోట కూర్చుని చూడు. కానీ అది కూడా తిరిగొస్తే, లైటనీ కిటికీ అనీ మళ్ళీ నా దగ్గరికి రాకూడదు" అన్నాడు.

"రాను సార్" అంది వదిన.

బయటికి వచ్చాక ఆమె నాతో మాట్లాడలేదు. సాయంత్రం దాకా మాట్లాడలేదు. స్కూటర్ ఎక్కేటప్పుడు మాత్రం, "నాలుగు నెలలు నా కళ్ళను నేనే తిట్టుకున్నానే" అంది. అంతే, నేను వీధిలో నిలబడి భోరుమన్నాను. ఆమె కాసేపు చూసి, "ఛ, అంత నోరు తెరిచి ఏడవకు, పన్ను తడి ఆరిపోతుంది" అని నా వెనక ఎక్కి కూర్చుంది. ఇల్లు చేరేదాకా ఆమె చెయ్యి నా భుజం మీదే ఉంది.

భవనంలో నేల అంతస్తున ఒక సామాను గది ఉంది. పాత అచ్చుల పెట్టెల వెనక దానికి కిటికీ ఉందని ఎవరికీ గుర్తు లేదు. ఆదివారమంతా నేనొక్కదాన్నే ఆ పెట్టెలు జరిపి, గాజు కడిగి, కుర్చీ వేశాను. ఎండ నేరుగా పడని కిటికీ. సోమవారం పది గంటలకు టీచరమ్మ వచ్చింది. వదిన ఆమె పెదవులు తుడిచి, బూడిద గుడ్డ కప్పి, నోరు తెరవమంది. ఐదు లెక్కపెట్టింది. గుడ్డను చూసింది. మళ్ళీ విరిగినదాని పక్క పన్నును చూసింది.

"అబ్బ!" అంది వదిన. "చిగురు దగ్గర లేత పసుపు. నడుమ ఎరుపు, ఉందా లేదా అన్నట్టు. అంచున గాజులా నీలం. ఎంత చక్కటి పన్నమ్మా మీది! దీన్నా నేను బూడిద అనుకున్నాను?"

టీచరమ్మకు కళ్ళు చెమర్చాయి. "ఈసారి కలుస్తుందంటారా?" అంది చెయ్యి చాటు నుంచి.

"కలవకపోతే నేను పిండి కలుపుకుంటాను" అంది వదిన. టీచరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అది ప్లాస్టర్ గది పిండి.

ఫర్నేసు కింద ఉంది, కిటికీ పైన ఉంది. వదిన ఒక్కో పొర కాల్చినప్పుడల్లా ఆ పన్నును మెట్లెక్కి పైకి తెచ్చి చూసుకుంది. పదకొండుసార్లు ఎక్కింది. నేను తెస్తానంటే, "నువ్వు తెస్తే దారిలో నలుగురికి చూపించి తెస్తావు" అంది. ఆ పన్నును క్లినిక్కుకు తీసుకెళ్ళిన రోజు నేను స్కూటర్‌ను సైకిలుకన్నా నెమ్మదిగా నడిపాను.

మూడు రోజులు ఏ కబురూ లేదు. డబ్బా తిరిగి రాలేదు, ఫోనూ రాలేదు. వదిన పైకి మామూలుగానే ఉంది గానీ, నేను క్లినిక్కుల నుంచి వచ్చినప్పుడల్లా ముందు నా చేతుల వైపు చూసేది. నాలుగో రోజు టీచరమ్మే వచ్చింది. చెయ్యి నోటి మీదే ఉంది. ఓనరు కూడా గదిలోంచి బయటికి వచ్చాడు.

"చెయ్యి దించండి టీచర్‌గారూ" అంది వదిన.

"అయ్యో, ఇది అలవాటండీ!" అని ఆ అమ్మాయి చెయ్యి దించి నవ్వింది.

ఓనరు ఆమెను కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. అద్దాలు సర్దుకుని, వంగి, ఎడమ నుంచి కుడికి చూశాడు. ఇరవై ఏళ్ళు ఈ వ్యాపారంలో ఉన్న మనిషి. చివరికి ఒక పన్ను వైపు వేలు చూపించి, "చాలా బాగుంది, అయినా నాకు తెలిసిపోతుంది. ఇదే కదా?" అన్నాడు.

"అది నాతో పాటు పుట్టింది సార్" అంది టీచరమ్మ.

నేను పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వేశాడు. అక్కడితో వదిలేస్తే సరిపోయేది. కానీ వదిన వదిలే మనిషి కాదు.

"బేస్‌మెంట్‌లో కూడా చూడండి సార్. అక్కడ కొంచెం తేడా ఉంటుంది. మీకు చెప్పకుండా దాచడం బాగుండదు" అంది. నేను గిల్లాను, కాలు తొక్కాను, లాభం లేదు. అందరం కిందికి వెళ్ళాం. ఆ తెల్లటి వెలుతురులో ఓనరు మళ్ళీ చూశాడు. నేను చూశాను. టీచరమ్మ అద్దంలో చూసుకుంది.

"నాకేమీ కనిపించడం లేదే!" అన్నాడు ఆయన.

"నాకు కనిపిస్తోంది సార్. వెంట్రుకవాసి తేడా ఉంది. నేను కట్టినదాంట్లో" అంది వదిన.

ఓనరు ఆమె వైపు తిరిగాడు. "మా ఎవరికీ కనిపించనిది నీకు కనిపిస్తుంటే, నీ కళ్ళు పోయాయని నేనెలా అనుకున్నానమ్మా?" అన్నాడు. వదిన అద్దాలు తీసి తుడుచుకుంది. వాటి మీద దుమ్మేమీ లేదు.

సామాను గది వదినదైంది. బల్ల ఎక్కి నేను కొన్న లైట్లను నా చేతులతోనే దించాను. పదకొండు దించాక వదిన ఆపింది. "ఒకటి ఉండనీ. జనం బతికేది కిటికీ దగ్గర కాదు కదా. ఇలాంటి లైటు కింద కూడా కూర్చుంటారు, మాట్లాడతారు, నవ్వుతారు. కట్టిన ప్రతి పన్నునూ దీని కింద కూడా ఒకసారి చూస్తాను" అంది. ఆ ఒక్కటి ఇప్పటికీ ఉంది. దాని కింద నిలబడి ఇకిలించడం నేను మానేశాను.

తిరిగొచ్చిన మిగతా పళ్ళనూ ఒక్కొక్కటిగా మళ్ళీ కట్టింది. ఆ పనిలో ఉండగానే ఒకరోజు నేను ఆ బడి మీదుగా వెళ్తూ స్కూటర్ ఆపాను. క్లాసు కిటికీలోంచి కనిపించింది. పిల్లలు నిలబడి పాఠం అప్పజెబుతున్నారు, సగం మందికి పైగా చేతులు ఇంకా నోళ్ళ మీదే ఉన్నాయి. టీచరమ్మ బెంచీ బెంచీకీ వెళ్ళి ఒక్కో చెయ్యీ పట్టుకుని కిందికి దించుతోంది. తన రెండు చేతులూ ఆ పనిలోనే ఉన్నాయి, ముఖం నిండా నవ్వుతోంది.

ల్యాబుకు రాగానే వదినకు చెప్పాను. ఆమె కిటికీ దగ్గర ఇంకో పన్ను చూస్తోంది.

"ఇంకా ఎన్ని చేతులున్నాయే?"

"ఇరవైకి పైనే ఉంటాయి వదినా."

"దిగుతాయిలే" అంది వదిన. పన్నును వెలుతురులోకి తిప్పి, ఐదు లెక్కపెట్టి, చూపును బూడిద గుడ్డ మీదికి మార్చుకుంది.